కప్పు పిడి ఎటు తిరిగితే అటు

"పిడి ఉన్న కప్పులే పెట్టావా?"

స్నానాలగదిలోంచి ఆయన అడగడం అది మూడోసారి. "పెట్టానండీ" అని నేనూ మూడోసారి అరిచాను. అరవాల్సిందే. మామూలుగా చెబితే ఆయనకి వినపడదు. వినపడలేదని ఒప్పుకోరు. "ఆ గొణుగుడేమిటి, నోరు తెరిచి చెప్పొచ్చుగా" అంటారు. తప్పు ఎప్పుడూ నా నోటిదే. ఫ్లాస్కులోకి టీ ఒంపుతుంటే సగం వంటింటి గట్టుమీద పోయింది. తుడిచి మళ్ళీ ఒంపాను. బిస్కెట్ల డబ్బా మూత బిగించాను, తెరిచి చూసుకున్నాను, మళ్ళీ బిగించాను. పరీక్ష ఆయనకి, జ్వరం నాకు.

మావారు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు గాని ఊళ్ళో ఆయనకి పేరొచ్చింది దానివల్ల కాదు. వానలు వెనకబట్టగానే ఊరి చుట్టూ ఉన్న రిజర్వాయర్లలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయి. ఆదివారం పొద్దున్నే దుర్భిణీలు మెళ్ళో వేసుకుని వాటిని చూడబోయే గుంపుకి ఆయన పెద్ద. చూడడం అందరూ చూస్తారు. ఆయన వింటారు. రెల్లు పొదల్లో ఏ పిట్ట దాక్కుని కూసినా, తలమీదుగా ఎగిరిపోతూ ఒక్క కేక వేసినా, ఆయన వేలెత్తి "అదిగో" అంటారు. అందుకే అందరూ ఆయన్ని పాముచెవుల సార్ అంటారు. ఈ ఏడు వలస కాలమంతా ఈ రిజర్వాయర్లలో రోజూ పొద్దున పక్షుల సర్వే చేస్తారట. దానికి ఒక నాయకుడు కావాలట. ఆ మనిషిని ఎంచడానికి ఇవాళ పైనుంచి ఒక మేడమ్ వస్తోంది. కొన్నాళ్ళుగా ఇంట్లో ఇదే జపం. పిట్టలు బెదరకుండా ఉండాలని ఆకుపచ్చ చొక్కా ఒకటి కొన్నారు కూడా.

అసలు సంగతేమిటంటే, మా పాముచెవుల సార్‌కి చెవులు వినపడవు.

మొత్తానికే వినపడవని కాదు. లారీ హారను వినపడుతుంది, వాళ్ళ ప్రిన్సిపాల్ గొంతు వినపడుతుంది. సన్నటివే పోయాయి. మూడేళ్ళ కిందట, ఇలాగే వానలు వెలిసిన రోజుల్లో, ఆయన వెనకాల సంచీ మోసుకుంటూ రిజర్వాయరు గట్టుమీద నడుస్తున్నాను. పక్కనే బురదలోంచి ఉల్లంకి పిట్ట ఒకటి లేచింది. ఉల్లంకులంటే నీళ్ళ అంచున పొడుగు ముక్కుతో బురద కెలుక్కునే చిన్న పిట్టలు. లేచేటప్పుడు చెవిలో సూది గుచ్చినట్టు అరుస్తాయి. ఆయన తల తిప్పలేదు. పరధ్యానం అనుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లో కుక్కర్ ఈల మీద ఈల వేస్తుంటే, ఆ పక్కనే కుర్చీలో కూర్చుని నిమ్మళంగా పేపరు తిరగేస్తున్నారు. నా గుండెల్లో రాయి పడింది. బతిమాలి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పోయిన వినికిడి ఇక రాదు, మిషన్ పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది అన్నాడాయన. "చెవిలో మిషన్ పెట్టుకుని పిట్టల దగ్గరికి వెళ్తే జనం నవ్వరూ? తల కొట్టేసినట్టవుతుంది" అని దారి పొడుగునా ఏడ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా చూడడం అదే. జాలేసింది. జాలిపడ్డ ఆడదానిచేత ఏదైనా చేయించుకోవచ్చు. ఇంటి గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుని, "నీ చెవులున్నాయిగా" అన్నారు.

ఆ ఏర్పాటు కనిపెట్టింది ఆయనే. తెలివైనవారు కదా. గట్టుమీద నేను టీ పోసి కప్పు అందిస్తాను. కప్పు పిడి ఎటు తిరిగి ఉంటే పిట్ట అటు కూస్తున్నట్టు. పళ్ళెంలో బిస్కెట్ లేకపోతే రోజూ ఉండే పిట్ట. ఒకటుంటే వలస వచ్చింది. రెండుంటే ఎన్నాళ్ళకో గాని రానిది. అది ఏ పిట్టో చోటునిబట్టి ఆయనే పోల్చుకుంటారు. రెల్లువైపు పిడి, రెండు బిస్కెట్లు అంటే ఇక అది రెల్లుకోడే. మా గుంపు పెట్టుకున్న పేరది. గుప్పెడంత ఉంటుంది, రెల్లులోంచి బయటికి రాదు, దాని సన్నటి ఈల వింటేనే అది ఉన్నట్టు లెక్క. ఆయన కప్పు అందుకుని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తుతారు. "ష్" అంటారు. గుంపంతా ఊపిరి బిగబడుతుంది. "టీ పడితేగాని సార్ చెవులు తెరుచుకోవు" అని ఒక జోకు కూడా పుట్టింది. ఆ జోకుకి నేనూ అందరితోపాటు నవ్వుతాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ కూతలన్నీ నాకు నేర్పింది ఆయనే. పెళ్ళైన కొత్తలో పొద్దున్నే డాబా మీద కూర్చోబెట్టి, నా కళ్ళు మూసి, "ఇదేమిటో చెప్పుకో" అనేవారు. చెబితే మురిసిపోయేవారు. ఆ మనిషిని నేను మరిచిపోలేదు, అందుకే ఈ కప్పుల నాటకం ఇంతదూరం వచ్చింది. కాని ఇప్పుడు కప్పు ఇస్తున్నప్పుడు ఆయన నా మొహం చూడరు. ఇంట్లోనూ అంతే. చెయ్యి చాపుతారు, చేతిలోకి కప్పు వస్తుంది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు.

కుళాయంటే గుర్తొచ్చింది. నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర పనిచేస్తాను. పొద్దున్నుంచి ఫోన్లు. "నీళ్ళు రావట్లేదు", "మట్టి రంగులో వస్తున్నాయి", "మీకు జీతాలెందుకు దండగ". ఇంట్లో పాలు పొంగే చప్పుడు, అత్తయ్య చేతికర్ర చప్పుడు, ఆయనకి వినపడని కాలింగ్ బెల్లు, ఆయనకి వినపడని ఆయన ఫోను. ఆఫీసులో ఊరందరి తిట్లు. నా చెవులు నా తలకి అతుక్కుని ఉన్నాయన్న మాటే గాని ఊరందరి సొత్తు. "ఆడదానికి చెవులు నాలుగుండాలి, నోరు సగం ఉంటే చాలు" అని అత్తయ్య అంటూ ఉంటుంది. ఆవిడ సరదాకే అంటుంది పాపం, ఆవిడ నోరూ సగమే ఉండేదిట మావగారున్నప్పుడు. ఒక్కటి మాత్రం నిజం. ఆఫీసులో నేను వింటే ఆ విన్నది నా పేరు మీదే ఉంటుంది. మాట తీరునిబట్టే చెప్పగలను, ఎవరు ఊరికే అరుస్తున్నారో, ఎవరింట్లో నిజంగా చుక్క నీళ్ళు లేవో. నేను మనిషిని పంపిస్తే సాయంత్రానికి ఆ ఇంట్లో నీళ్ళొస్తాయి. కొందరు మళ్ళీ ఫోను చేసి "వచ్చాయమ్మా" అని చెబుతారు. ఆ ఒక్క మాట కోసం బస్సులో వేలాడుతూ వెళ్తాను.

మొన్న శుక్రవారం మా ఆఫీసరు పిలిచాడు. "మీ ఆయన ఫోన్ చేశారమ్మా. మీకు ఒంట్లో బాగుండట్లేదటగా, ఈ సీజనంతా సెలవు కావాలన్నారు. ముందే చెప్పకపోయారా?" నేను నిలబడ్డచోటే కొయ్యబారిపోయాను. ఆయన నన్ను జబ్బుదాన్ని చేసి నా సెలవు తనే అడిగేశారు. రోజూ పొద్దున సర్వే అంటే రోజూ పొద్దున కప్పు కావాలి కదా మరి. "సోమవారం ఒక మాట చెప్పండి. మీ సీటు ఇంకొకరికి వేస్తాను. తర్వాత సంగతి ఖాళీని బట్టి చూద్దాం" అన్నాడు ఆఫీసరు. ఇంటికొచ్చి అడిగితే ఈయన తలైనా ఎత్తలేదు. "ఏముందోయ్ ఆ ఉద్యోగంలో, తిట్లు తినడమేగా. హాయిగా నాతోపాటు గట్టుమీద గాలి పీలుస్తూ ఉండు." నేను ఏదో అనబోయాను. "తర్వాత, తర్వాత" అన్నారు. రెండు రోజులుగా ఆ ఏదో నా గొంతులోనే ఉంది.

ఇవాళ ఆయన నెగ్గితే నా సీటు పోతుంది. ఓడితే ఆయన పరువు పోతుంది, పోగొట్టింది నేనే అవుతాను. ముందు నుయ్యి వెనక గొయ్యి. కారులో బయల్దేరాం. కుడి పక్కనుంచి మోటార్ సైకిలు వాడొకడు బెల్లు కొట్టినట్టు సన్నగా హారను కొడుతున్నాడు. "కుడిపక్క, కుడిపక్క" అని ఆయన తొడ మీద తట్టాను. "కనపడుతోందిలే" అని విసుక్కున్నారు. కనపడలేదు.

రిజర్వాయరు మీద పొగమంచు పలచగా పరుచుకుని ఉంది. ఇటు రాతి గట్టు, అటు తూముల మీద ఇనుప వంతెన, అవతల పంపుహౌసు, మధ్యలో నీళ్ళు తగ్గి బయటపడ్డ బురద. ఎడమ చేతివైపంతా రెల్లు. నీటికాకులు కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. గుంపు అప్పటికే చేరింది. రిటైరైన బ్యాంకాయన ఎప్పటిలాగే "సార్ వచ్చారు, ఇక పిట్టలు హాజరు పలకొచ్చు" అన్నాడు. కొత్తగా చేరిన నర్సమ్మాయి నైటు డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సంచీ ఇలా ఇవ్వండక్కా" అని లాక్కోబోయింది. నేను ఇవ్వలేదు. ఆ సంచీ ఎవరికైనా ఇస్తే కొంప మునగదూ!

సర్వే మేడమ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, నలిగిన కాటన్ టోపీతో ఉంది. చేతిలో శబ్దాలు రికార్డు చేసే చిన్న యంత్రం. పెద్దగా మాట్లాడలేదు. ఒక పక్కకి తల వంచి నిలబడింది. అలా నిలబడేవాళ్ళు వింటారని నాకు తెలుసు, నేనూ అలాగే నిలబడతాను.

కాసేపటికి తూముల వైపునుంచి ఉల్లంకి ఒకటి మూడు విరుపులుగా ఈల వేసింది. చక్కటి, శుభ్రమైన ఈల. అంత దూరం ఎగిరొచ్చి మా బురదలో దిగి, వచ్చానని చెబుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతని మింగేసి టీ పోశాను. తూములవైపు పిడి, ఒక బిస్కెట్. ఆయన టెలిస్కోపులోంచి కన్ను తీయకుండానే చెయ్యి చాపారు. అందించాను. ఒక గుక్క, కళ్ళు మూత, వేలు పైకి. "ష్… ఉల్లంకి. తూముల దగ్గర. వలసది." దుర్భిణీలన్నీ అటు తిరిగాయి. పిట్ట నిజంగానే తోక ఆడిస్తూ బయటికొచ్చింది. "పాము చెవులు సార్ మీవి!" అన్నాడు బ్యాంకాయన. మేడమ్ తలూపి ఏదో రాసుకుంది. గెలుస్తున్నారు. సోమవారం దగ్గరికొస్తోంది.

మేడమ్ నా వైపు తిరిగింది. "మీకూ పక్షులంటే ఇష్టమేనా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నారు. ఇలాంటివి మాత్రం భలే వినపడతాయి. "ఆవిడకి టీ ఇష్టమండీ! కాకికీ కోకిలకీ తేడా చెప్పమంటే చూడాలి." అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నేను నవ్వాను. అలవాటైన నవ్వు, పెదాలకి వాటంతటవే వచ్చేస్తుంది. కాని ఆ పూట అది లోపలికి దిగేటప్పుడు ముల్లులా గీసుకుంటూ దిగింది. డాబా మీద నా కళ్ళు మూసిన చేతులు కూడా ఇవేనా అనిపించింది.

అప్పుడు నా ఫోను మోగింది. అత్తయ్య. గాలికి మాట తెగిపోతుంటే సంచీ అక్కడే పెట్టి గట్టు దిగి చెట్టు చాటుకి వెళ్ళాను. "అమ్మాయ్, గ్యాస్ కట్టేశావా? వాసనొస్తున్నట్టుంది." కట్టేశానత్తయ్యా. "బాగా గుర్తు చేసుకో." కట్టేశాను, రెండుసార్లు చూశాను. "మరి వాసనేమిటి?" కిటికీ తీసుకోండి. "నా కళ్ళజోడెక్కడ?" మీ తలగడ పక్కన. "వాడికేమైనా పెట్టావా పొద్దున?" పెట్టానత్తయ్యా. కొడుకు సంగతి కూడా ఆవిడకి నా చెవిలోంచే అందాలి. ఫోను పెట్టేసి గట్టెక్కుతూ పైకి చూశాను.

నర్సమ్మాయి టీ పోస్తోంది. పాపం, అక్క ఒక్కతే ఎందుకు చేయాలని మంచితనం కొద్దీ సంచీ విప్పేసింది. అందరి చేతుల్లో కప్పులున్నాయి. ఆయనకీ అందిస్తోంది. కప్పు పిడి రెల్లువైపు. పళ్ళెంలో రెండు బిస్కెట్లు. పెద్దాయన కదా, ఆకలేస్తుందని వేసి ఉంటుంది. ఆయన టెలిస్కోపులోంచి కన్ను తీయలేదు. చెయ్యి చాపారు. చేతిలోకి కప్పు వచ్చింది. కంటి కొనతో పిడి చూసుకున్నారు, బిస్కెట్లు చూసుకున్నారు. ఆయన వీపు నిటారుగా అవడం నాకు అంత దూరం నుంచీ కనపడింది. వద్దు, వద్దండీ అని లోపల అరుస్తూ పరుగెత్తాను. చెప్పులో రాయి దూరింది.

ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకున్నారు. వేలు పైకెత్తారు.

"ష్… రెల్లుకోడి!"

గుంపంతా బిగుసుకుపోయింది. రెల్లు గాలికి గలగలమంటోంది. పంపుహౌసులో మోటారు రొద. ఒక బుడుబుంగ నీళ్ళలో మునిగిన చప్పుడు. అంతే. అక్కడ ఇంకేమీ లేదు, నా ప్రాణం పెట్టి విన్నాను, ఏమీ లేదు. మేడమ్ యంత్రాన్ని రెల్లువైపు చాపి నిలబడింది. కాసేపటికి బ్యాంకాయన గొంతు సవరించుకుని, "ఆ… లీలగా… అవునవును, నాకూ వినపడింది" అన్నాడు. పక్కనున్న ఆయనెవరో "రెండుసార్లు కూసిందండీ" అన్నాడు. భయంలోనూ నాకు నవ్వొచ్చింది. రాని పిట్ట వీళ్ళకి రెండుసార్లు కూసిందట!

"నాకేం వినపడలేదు సార్" అంది నర్సమ్మాయి.

అందరికీ వినపడేలానే అంది. పిల్లకి నాటకాలు తెలియవు. ఆయన ఆమె వైపు తిరిగారు. "కొత్తలో అంతేనమ్మా. చెవులకి తర్ఫీదుండాలి."

"కాదు సార్, నేను అటే వింటున్నాను. గాలి తప్ప…"

"నిద్రమొహంతో వచ్చి నిలబడితే గాలి తప్ప ఏం వినపడుతుంది?" గొంతు పెరిగింది. "ఇది సరదా షికారు కాదు. ఇంతమంది విన్నది నీకు వినపడలేదంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో. సర్వే మొదలయ్యాక ఇలాంటివాళ్ళు నా గుంపులో పనికిరారు. ముందు చెవులు చూపించుకో."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. రాత్రంతా ఆస్పత్రిలో ఎవరెవరి మూలుగులో విని వచ్చిన పిల్ల. నా దగ్గరికి జరిగి, చెవిని వేలితో రుద్దుకుంటూ, "నాకే తేడాగా ఉందేమో అక్కా. నిజంగానే చూపించుకోవాలేమో" అంది, మెల్లగా.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. గొణుగుతున్నానని, గట్టిగా చెప్పలేదని, మాట తేటగా ఉండదని ఆయన అనీ అనీ, ఒకనాడు నేను కూడా నిజంగానే నా గొంతులో ఏదో లోపం ఉందనుకుని అద్దం ముందు నిలబడి మాట్లాడి చూసుకున్నాను. ఇప్పుడీ పిల్ల తన చెవుల్ని తను నమ్మడం మానేయబోతోంది. ఇక్కడ నిక్షేపంలాంటి చెవులున్నవాళ్ళు ఇద్దరం ఉన్నాం, ఆ ఇద్దరమే తలొంచుకుని నిలబడ్డాం. భయం అలాగే ఉంది, దాని పక్కన కోపం వచ్చి కూర్చుంది.

"రికార్డులో ఏం పడిందో తర్వాత చూస్తాను" అంది మేడమ్. "ఇంకెవరైనా విన్నారా?"

"మా ఆవిడని అడగండి" అన్నారాయన. నేను వచ్చానని అప్పుడే చూశారు. ధీమాగా ఉన్నారు. అటు పిడి తిప్పింది నేనే కదా, రెండు బిస్కెట్లు పెట్టింది నేనే కదా ఆయన లెక్కలో. "కాకీ కోకిలా తెలియకపోయినా, అబద్ధం మాత్రం ఆడదు. చెప్పవోయ్, కూసిందా లేదా?"

అందరూ నన్ను చూస్తున్నారు. కూసింది అంటే చాలు. ఒక్క మాట. మూడేళ్ళుగా ఆడుతున్న దాంట్లో ఇదొకటి. ఈ పిల్ల ఏడుస్తూ ఇంటికెళ్తుంది, ఆయన నాయకుడవుతారు, రేపు నా బల్ల దగ్గర ఇంకెవరో ఫోనెత్తుతారు. ఆయన చేతిలో కప్పు ఇంకా అలాగే ఉంది, పిడి రెల్లువైపు.

"ఆ కప్పు ఇచ్చింది నేను కాదండీ" అన్నాను.

గట్టిగానే అన్నాను. ఆయనకి వినపడేలా, ఆయన మొహంలోకి చూస్తూ. బ్యాంకాయన "కప్పేమిటి?" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకి అయింది. కప్పు వైపు చూశారు, నర్సమ్మాయి చేతిలోని ఫ్లాస్కు వైపు చూశారు, ఎన్నో ఏళ్ళకి నా మొహం వైపు చూశారు. చేతిలో పళ్ళెం ఒక పక్కకి ఒరిగింది. ఒక బిస్కెట్ జారి గట్టుమీద పడింది.

"రెల్లులో ఏదీ కూయలేదు" అన్నాను మేడమ్‌తో. నా గొంతు వణుకుతోంది, వణకనీ అనుకున్నాను. "ఈ అమ్మాయి సరిగ్గానే విన్నది. చెవులు చూపించుకోవాల్సింది ఈమె కాదు."

"మరి ఇందాక తూముల దగ్గర ఉల్లంకి?"

"అది కూసింది. నేను విన్నాను."

మేడమ్ ఆయన చేతిలోని కప్పు వైపు కాసేపు చూసింది, తర్వాత సంచీ వైపు, తర్వాత నా వైపు. రాసుకున్నదేదో కొట్టేసింది. బ్యాంకాయన టోపీ తీసి తల గోక్కుంటూ, "గాలే అయ్యుంటుందిలెండి, నాకు లీలగానేగా…" అన్నాడు. రెండుసార్లు విన్నాయన బూటు తాడు కట్టుకోవడానికి వంగి ఎంతకీ లేవలేదు. నర్సమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను కింద పడ్డ బిస్కెట్ తీయబోయి ఆగాను. తీయలేదు.

గుంపు మెల్లగా పంపుహౌసు వైపు కదిలింది. మేడమ్ వెళ్తూ వెళ్తూ, "ఆదివారాలు నాతో నిలబడి వినడానికి వస్తారా? టీ నేను తెస్తాను" అంది. ఆలోచించి చెబుతానన్నాను. నేను ఒకరికి ఆలోచించి చెబుతాననడం, అవతలివాళ్ళు సరేననడం, రెండూ కొత్తే.

ఆయన కారులో కూర్చున్నారు గాని తాళం తిప్పలేదు. కొత్త చొక్కా కాలర్ దగ్గర చెమటకి నల్లగా తడిసింది. నేను పక్కన కూర్చున్నాను.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు. "నేనేం తక్కువ చేశాను నీకు?"

జవాబులు చాలా ఉన్నాయి. ఇన్నేళ్ళవీ వరస కట్టి గొంతుదాకా వచ్చాయి. కాని ఆయన చేతులు స్టీరింగ్ మీద ముసలివాళ్ళ చేతుల్లా పడి ఉన్నాయి, వాటిని చూస్తే మళ్ళీ జాలేసింది. ఈసారి జాలిని జాలిగానే ఉండనిచ్చాను. ఆయన వైపు తిరిగి, పెదాలు కనపడేలా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను.

"చెవుల డాక్టరు మంగళవారం సాయంత్రం ఉంటాడు. నేను ఆఫీసు నుంచి అటే వస్తాను, మీరూ వచ్చేయండి. మిషన్ పెట్టించుకుందాం. రేపు మా ఆఫీసరుకి నేనే చెబుతాను, నాకే జబ్బూ లేదనీ, ఏ సెలవూ అక్కర్లేదనీ."

"జనం నవ్వుతారు."

"నవ్వితే మీకు వినపడుతుందిగా" అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. ఆయన పెదవి ఒక మూల కదిలింది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు, అడగలేదు.

కిటికీ అద్దం దించి ఉంది. పొగమంచు విడిపోయి ఎండ గట్టుమీదికి ఎక్కుతోంది. అప్పుడు వినపడింది. సన్నగా, తడిగా, చెరువు అడుగునుంచి లాగినట్టున్న ఈల. ఒకసారి, కొంచెం ఆగి మళ్ళీ. అదే. రెల్లుకోడి. ఇన్నాళ్ళకి వచ్చింది మహాతల్లి, ఇంత గొడవా అయ్యాక, తీరి కూర్చుని. నా చెయ్యి దానంతటదే కాళ్ళ దగ్గరున్న సంచీలోకి వెళ్ళింది. కప్పు వేళ్ళకి తగిలింది. పట్టుకున్నాను, వదిలేశాను. చెయ్యి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన నా చేతినే చూస్తున్నారు. తర్వాత నా మొహం చూశారు.

"ఏమైనా కూస్తోందా?" అన్నారు. పెళ్ళైన కొత్తలో డాబా మీద నేను తడుముకుంటూ జవాబు చెప్పిన గొంతులా ఉంది అది.

"కూస్తోందండీ" అన్నాను.

ఎటువైపో చెప్పలేదు. కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాను.